రిచ్‌మండ్ షిప్‌యార్డుల్లో ఆడవాళ్లు: చేసిన పనీ, కుదిరిన స్నేహాలూ

మీరు అడిగింది ఇది: రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా షిప్‌యార్డుల్లో ఆడవాళ్లు నిజంగానే ఓడలు కట్టారా, లేక అదంతా పోస్టర్ల ప్రచారమా? కట్టి ఉంటే, అంతమంది కొత్తవాళ్ల మధ్య స్నేహాలు ఎలా కుదిరాయి?

కట్టారు. అందులో అనుమానం అక్కర్లేదు. స్నేహాలూ కుదిరాయి, కొన్ని జీవితాంతం నిలిచాయి. పోస్టర్లు చూస్తే ఇవన్నీ దేశభక్తి వల్ల పుట్టిన స్నేహాలనిపిస్తుంది. నాకు అర్థమైనంతలో వాళ్లను కలిపింది ఆ పని చేసే తీరు. పక్కనున్న మనిషి సాయం లేకుండా షిఫ్టు గడిచేది కాదు. అందుకే యార్డు ఎవరిని పక్కపక్కన నిలబెట్టిందో వాళ్ల మధ్య స్నేహం పెరిగింది. ఎవరిని విడగొట్టిందో వాళ్ల మధ్య పెరగలేదు. ఈ రెండో సంగతి చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది.

నాకు ఈ విషయంతో ఉన్న సంబంధం ముందే చెప్తాను. నేను విశాఖపట్నం గాంధీగ్రామ్‌లో, షిప్‌యార్డు కాలనీలో పెరిగాను. నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేసేవారు. ఇప్పుడు ఉండేది కాలిఫోర్నియాలో, రిచ్‌మండ్ అనే ఊరికి దగ్గర్లో. యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పనికి వెళ్లిన ఆడవాళ్లందరికీ గుర్తుగా నిలిచిన పేరు ‘రోజీ ద రివెటర్’. ఇక్కడ ఆ పేరుతో ఒక జాతీయ చారిత్రక పార్కు ఉంది, 2000లో ఏర్పాటైంది. శుక్రవారాల్లో అప్పటి పనివాళ్లే, తొంభై దాటిన ఆడవాళ్లు, అక్కడి విజిటర్ సెంటర్‌కి వచ్చి కూర్చుని, చూడ్డానికి వచ్చినవాళ్లతో మాట్లాడేవారు. కొన్నేళ్లపాటు వీలైనప్పుడల్లా వెళ్లి వాళ్ల మాటలు విన్నాను. ఆ మాటల ప్రభావంతోనే కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం పూట నడిచే వెల్డింగ్ క్లాసులో కూడా చేరాను.

ముందు యార్డుల సంగతి. పారిశ్రామికవేత్త హెన్రీ కైజర్ సంస్థ రిచ్‌మండ్‌లో నాలుగు యార్డులు నడిపింది. యుద్ధం ముగిసేసరికి వాటిలో తయారైన ఓడలు 747. 1940లో 24 వేల మంది కూడా లేని ఊరు, మూడు నాలుగేళ్లలో లక్షకు చేరింది. ఓక్లహోమా, అర్కాన్సా, టెక్సాస్, లూసియానా నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగాయి. లిబర్టీ ఓడ అంటే 441 అడుగుల పొడవు, దాదాపు పది వేల టన్నుల సరుకు పట్టే ఓడ. మొదట్లో ఒక్కోదానికి ఏడెనిమిది నెలలు పట్టేది, తర్వాత సగటున ఆరు వారాలకు దిగింది. 1942 నవంబరులో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడని కీల్ (అడుగు దూలం) వేసిన దగ్గర్నుంచి నీళ్లలోకి దించేదాకా 4 రోజుల 15 గంటల్లో ముగించారు. అది రికార్డు కోసం ముందే భాగాలన్నీ సిద్ధం చేసుకుని కట్టిన ఓడ, కాబట్టి దాన్ని మామూలు రోజు పనికి కొలతగా తీసుకోకూడదు. యుద్ధం మంచి ఊపులో ఉన్నప్పుడు ఈ యార్డుల్లో నలుగురిలో ఒకరు, ఇంకా కాస్త ఎక్కువే, ఆడవాళ్లు.

రోజీ అంటే రివెట్లు, అంటే రేకుల్ని కలిపి బిగించే మేకులు, కొట్టే మనిషి అని పేరులోనే ఉంది. రిచ్‌మండ్‌లో మాత్రం ఓడలను వెల్డింగ్‌తో అతికారు, రివెట్లు కొట్టిన ఆడవాళ్లు ఎక్కువగా విమాన ఫ్యాక్టరీల వాళ్లు. ఇక్కడివాళ్లలో చాలామంది వెల్డర్లు. గ్యాస్ కటింగ్ చేసే బర్నర్లు, ప్లేట్లని సరైన చోట అమర్చే షిప్‌ఫిట్టర్ల హెల్పర్లు, ఎలక్ట్రీషియన్లు, పెయింటర్లు, డ్రాయింగులు గీసేవాళ్లు, ఊడ్చేవాళ్లు కూడా ఉన్నారు. తలకి ఎర్ర గుడ్డ కట్టుకుని చెయ్యి మడిచి చూపించే అమ్మాయి పోస్టర్ మీరూ చూసే ఉంటారు. అది 1943లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ తన ఫ్యాక్టరీల్లో కొద్ది రోజులు అంటించిన పోస్టర్. దానికి ఈ పేరంతా 1980లలో వచ్చింది.

నెలల తరబడి శిక్షణ కావలసిన వెల్డింగ్‌ని అన్నీ కొత్త చేతులతో ఎలా చేయించారు? పనిని ముక్కలు చేశారు. ఓడ మొత్తం ఒకేచోట కట్టకుండా, భాగాలుగా కింద కట్టి క్రేన్‌తో ఎత్తి కూర్చారు. డెక్‌హౌస్‌ని (ఓడ పైభాగంలో గదులుండే కట్టడాన్ని) తలకిందులుగా పెట్టి అతికేవారు, అప్పుడు వెల్డరు పైకి చూస్తూ చెయ్యాల్సిన పని కిందికి చూస్తూ చెయ్యొచ్చు. కొత్తవాళ్లు ముందు టాక్ వెల్డింగ్ (ప్లేట్లు కదలకుండా అక్కడక్కడా వేసే చిన్న అతుకులు), తర్వాత ఫ్లాట్ (కిందికి చూస్తూ చేసేది), ఆ తర్వాత నిలువు, చివరికి ఓవర్‌హెడ్ (తలకి పైన చేసేది) నేర్చుకునేవారు. దీన్ని కొందరు ‘ఆడవాళ్ల కోసం తేలిక చేసిన పని’ అంటారు. నేను ఒప్పుకోను. మగవాళ్లకైనా అదే పద్ధతి. యుద్ధానికి ముందు ఓడ ముఖం చూడని మగవాళ్లే ఆ యార్డుల్లో ఎక్కువ.

ఆ పని ఎలాంటిదో క్లాసులో నాకు కొంచెం తెలిసింది. హెల్మెట్ దించగానే చుట్టూ చీకటి. ఆర్క్, అంటే రాడ్డుకీ ప్లేటుకీ మధ్య వెలిగే కరెంటు మంట, తగిలిన చోట అరంగుళం వెలుగు తప్ప ఇంకేమీ కనబడదు. రాడ్డు ప్లేటుకి మరీ దగ్గరైతే అతుక్కుపోతుంది, దూరమైతే ఆర్క్ ఆరిపోతుంది. కరిగిన లోహం చిన్న మడుగులా నిలుస్తుంది, ఆ మడుగుని ఒకే వేగంతో ముందుకు నడిపించాలి. చెయ్యి ఒక్క క్షణం ఆగితే అక్కడ గడ్డ కడుతుంది, తొందరపడితే అతుకు లోపల గుల్లగా మిగులుతుంది. అయ్యాక పైన పట్టిన స్లాగ్‌ని (గట్టిపడిన పెచ్చుని) సుత్తితో కొట్టి, బ్రష్షుతో రుద్ది చూస్తేగానీ ఎలా వచ్చిందో తెలియదు. ఓవర్‌హెడ్ చేసేటప్పుడు నిప్పురవ్వలు మెడ దగ్గర సందు వెతుక్కుని లోపలికి పోతాయి. కాసేపటికే భుజాలు పట్టేశాయి నాకు. వాళ్లు ఇదే పని ఎనిమిది గంటల షిఫ్టు చేశారు. తోలు జాకెట్టు వేసుకుని, ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండే ఇరుకు డబుల్ బాటమ్ గదుల్లోకి పాక్కుంటూ వెళ్లి, గాలి ఆడని చోట చేశారు.

స్నేహాల సంగతి ఇక్కడే మొదలవుతుంది. హెల్మెట్‌లో ఉన్న మనిషికి పక్కన ఏం జరుగుతోందో కనబడదు, లోహాన్ని చెక్కే చిప్పింగ్ చప్పుడుకి వినబడదు. పైన క్రేన్ ప్లేటు మోసుకొస్తోందా, ఎక్కడైనా నిప్పు అంటుకుందా అని చూసేది పక్కనున్న మనిషే. అరిచి లాభం లేదు, భుజం తట్టి చెప్పాలి. ఫిట్టరు ప్లేటు సరిచేస్తే టాకర్ అతుకు వేస్తుంది, ఆ తర్వాత వెల్డరు. ఒకరు సరిగ్గా చెయ్యకపోతే తర్వాతి మనిషి పని రెట్టింపు. రోజూ ఇలా గడిచినవాళ్ల మధ్య మొహమాటాలు ఎన్నాళ్లు నిలుస్తాయి?

ఒకావిడ చెప్పిన సంగతి నాకు బాగా గుర్తుంది. వెల్డింగ్ వెలుగు కళ్లల్లో పడితే అప్పటికప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న ఆవిడకి మధ్యాహ్నం కళ్లు తెరుచుకోలేదట. గదిలో ఉండే అమ్మాయి తన షిఫ్టుకి వెళ్లాల్సిన టైమైనా ఆగి, తడిగుడ్డలు మార్చుతూ కూర్చుందట. నేను మా గాంధీగ్రామ్ సంగతి చెప్పాను. మా పక్కింటి వెల్డర్ మావయ్య ఇలాంటప్పుడు బంగాళదుంప చక్రాలు కళ్ల మీద పెట్టుకుని పడుకునేవారు. అది వినగానే బల్లకి అటువైపు కూర్చున్న ఇంకొకావిడ అందుకున్నారు, తామూ బంగాళదుంప తురిమి పెట్టుకునేవాళ్లమని. ఇద్దరూ నన్ను వదిలేసి ఆ మందు గురించే చాలాసేపు మాట్లాడుకున్నారు.

గది అన్నాను కదా, ఊళ్లో ఇళ్లు లేవు. మూడు షిఫ్టుల వాళ్లు ఒకే మంచాన్ని వంతులవారీగా వాడుకునేవారు, ఒకరు లేచి వెళ్తే ఇంకొకరు వచ్చి పడుకోవడమే. ఓక్లాండ్ వైపు నుంచి వచ్చేవాళ్ల కోసం 1943లో ప్రత్యేకంగా షిప్‌యార్డు రైలు వేశారు, దానికి న్యూయార్కులో వాడి పక్కన పెట్టిన పాత పెట్టెలు తెచ్చారు. రేషన్ కూపన్లు, క్యూలు, బట్టలు ఉతుక్కోవడం, మగడు సముద్రాల అవతల ఉంటే ఉత్తరం కోసం ఎదురుచూడటం, ఇవన్నీ పంచుకోవడానికి అమ్మానాన్నలు దగ్గర లేరు. ఉన్నది షిఫ్టులో పరిచయమైన మనిషే. ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ తీసిన రిచ్‌మండ్ ఫొటోల్లో షిఫ్టు వదిలిన జనం ఎవరి దారిన వాళ్లు చూస్తూ నడిచిపోతుంటారు. అదీ నిజమే. అంత పెద్ద గుంపులో స్నేహం అందరితో కుదరదు, ఇద్దరు ముగ్గురితో గట్టిగా కుదురుతుంది.

కొన్నిచోట్ల తోబుట్టువులే తోడు. ఫిలిస్ గౌల్డ్ రిచ్‌మండ్‌లో వెల్డర్లుగా చేరిన మొదటి ఆడవాళ్లలో ఒకరు. ఆవిడ పనికి వెళ్తే పిల్లాడిని చూసుకోవడానికి చెల్లెలు మరియన్ సౌసా ఓరెగాన్ నుంచి వచ్చింది. ఆ తర్వాత మరియన్ కూడా డ్రాఫ్టింగ్ నేర్చుకుని యార్డు డ్రాయింగులు గీసింది. తోడబుట్టినవాళ్లు లేనివాళ్ల పిల్లల్ని ఎవరు చూడాలి? ఈ ప్రశ్నకు కైజర్ యార్డుల్లో దొరికిన జవాబు ఇవాళ్టికీ నాకు ఆశ్చర్యమే. రిచ్‌మండ్‌లో 1943లో మారిటైమ్ పిల్లల కేంద్రం పెట్టారు. అదే ఏడాది నవంబరులో ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో కైజర్ వాళ్ల స్వాన్ ఐలాండ్ యార్డు గేటు దగ్గరే ఇంకో కేంద్రం తెరిచారు. అది మూడు షిఫ్టులకీ పనిచేసేది, పిల్లలకి ఒంట్లో బాగోకపోతే చూసుకునే గది ఉండేది, తల్లి ఇంటికి వెళ్తూ వండిన భోజనం కొనుక్కుని పట్టుకెళ్లొచ్చు. డేకేర్ సీటు కోసం నెలల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇక్కడి మన తెలుగు తల్లులకి ఈ సంగతి చెప్తే నమ్మరు. మనలో చాలామంది పర్సులో ఉండే కైజర్ హాస్పిటల్ కార్డు కూడా ఆ యార్డుల నుంచి వచ్చిందే. పనివాళ్ల కోసం డాక్టర్ సిడ్నీ గార్‌ఫీల్డ్ వారానికి కొద్ది సెంట్ల చందాతో నడిపిన వైద్యాన్నే 1945లో అందరికీ తెరిచారు.

ఇప్పుడు అవతలి సగం. జర్నీమన్ (పని పూర్తిగా నేర్చిన) వెల్డరుకి గంటకి 1.20 డాలర్లు, ఆడైనా మగైనా అంతే. ఆ రోజుల లెక్కన అది మంచి జీతం. ఫోర్‌మన్ దాకా ఎదిగిన ఆడవాళ్లు మాత్రం అరుదు. పని దొరకాలంటే వెల్డర్ల వంటి పనివాళ్ల సంఘమైన బాయిలర్‌మేకర్స్ యూనియన్ ఒప్పుకోవాలి, ఆ యూనియన్ 1942 దాకా ఆడవాళ్లని చేర్చుకోనే లేదు. నల్లవాళ్లని చేర్చుకున్నా విడి శాఖల్లో పెట్టింది, చందా అంతే కట్టాలి, ఓటు లేదు. ఫ్రాన్సిస్ ఆల్‌బ్రియర్ అనే నల్లజాతి మహిళ వెల్డింగ్ నేర్చుకుని, పరీక్ష ప్యాసై వస్తే, మీ శాఖ ఇంకా లేదని వెనక్కి పంపబోయారు. ఆవిడ వదల్లేదు, పోరాడి 1942లో రెండో నంబరు యార్డులో వెల్డరుగా చేరారు. పక్కనే సాసలిటో యార్డులో జోసెఫ్ జేమ్స్ అనే నల్లజాతి కార్మికుడు వేసిన కేసులో 1944 చివర కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఈ విడి శాఖల పద్ధతి చెల్లదని తేల్చింది. అప్పటికి యుద్ధం ముగింపుకి వచ్చేసింది.

బెట్టీ రీడ్ సాస్కిన్ గారి ప్రసంగం ఈ పార్కులోనే విన్నాను. నూరేళ్ల వయసుదాకా, 2022 వరకు, ఆవిడ అక్కడ రేంజరుగా పనిచేశారు. యుద్ధకాలంలో ఆవిడ ఉద్యోగం నల్లవాళ్ల కోసం పెట్టిన ఆ విడి యూనియన్ ఆఫీసులో, ఫైళ్ల గుమస్తాగా. ఓడలు ఎలా కడుతున్నారో తాను కళ్లతో చూడలేదని చెప్పేవారు. ‘ఇల్లు దాటి పనికి వెళ్లిన ఆడవాళ్లు’ అన్న కథ తమది కాదని, నల్లజాతి ఆడవాళ్లు బానిసత్వం రోజుల నుంచీ బయట పనిచేస్తూనే ఉన్నారని ఆవిడ అంటుంటే హాల్లో ఎవరూ కదల్లేదు. అంతకుముందు శుక్రవారాల్లో నేను విన్న స్నేహాల్లో దాదాపు అన్నీ తెల్లవాళ్ల మధ్యవే అని అప్పుడు తట్టింది. ఇదే ఊళ్లో గులాబీ తోటలు పెంచిన జపనీస్ కుటుంబాలని 1942లో ప్రభుత్వం నిర్బంధ క్యాంపులకి తరలించింది. వాళ్ల ఇరుగుపొరుగు స్నేహాలు అక్కడికక్కడే తెగిపోయాయి.

1945 ఆగస్టులో యుద్ధం ఆగింది, ఉద్యోగాలూ ఆగాయి. కొందరు ఇష్టంగానే ఇంటికి వెళ్లారు. ఇంకొందరు అదే జీతానికి వేరే వెల్డింగ్ పని వెతికి, ఆడవాళ్లకి ఇవ్వమంటే చేసేదేమీ లేక గుమాస్తా పనికో హోటల్ పనికో చేరారు. స్నేహాల విషయంలో మాత్రం ఒకటి నాకు చాలా పెద్ద సంగతిగా కనిపిస్తుంది. యుద్ధం అయ్యాక దేశమంతా పిల్లల కేంద్రాలకి ప్రభుత్వం డబ్బు ఆపేసింది. కాలిఫోర్నియాలో పనిచేసే తల్లులు ఒక్కటై ఉత్తరాలు రాశారు, రాష్ట్ర రాజధాని శాక్రమెంటో వెళ్లి శాసనసభ్యుల్ని నిలదీశారు. ఏటేటా పొడిగింపు తెచ్చుకుంటూ, 1957లో వాటిని శాశ్వతం చేయించుకున్నారు. రిచ్‌మండ్ మారిటైమ్ కేంద్రం 2004 దాకా నడిచింది.

మీరు ఇటువైపు వస్తే విజిటర్ సెంటర్‌తో పాటు ఆ మారిటైమ్ భవనం దాకా వెళ్లండి. ఇప్పుడు అందులో బడి నడుస్తోంది, ఒక తరగతి గదిని అప్పటి తీరులోనే ఉంచారు. రెడ్ ఓక్ విక్టరీ అనే ఓడ కూడా రిచ్‌మండ్ రేవులోనే ఉంది, 1944లో ఇక్కడే కట్టింది. దాని హోల్డులోకి (సరుకు ఉంచే అడుగు భాగంలోకి) దిగితే గోడల మీద వెల్డింగ్ అతుకులు దగ్గర్నుంచి చూడొచ్చు. చేసినవాళ్ల పేర్లు ఉండవు కానీ, కాస్త పని తెలిసినవాళ్లకి ఏ అతుకు ఎంత కష్టమైన చోట వేశారో అర్థమవుతుంది.