హునావీర్: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన సంచికలో హునావీర్ ఫొటో ఒకటి వేసి, కింద నాలుగు ముక్కలు రాశాను. ఫ్రాన్సుకి తూర్పు అంచున అల్సాస్ ఉంది, అందులో రిబోవిల్లే, రిక్వీర్ అనే రెండు చిన్న పట్నాల నడుమ ద్రాక్షతోటల్లో ఆరు వందల మంది ఉండే పల్లె ఇది, కొండ మీది చర్చిని రెండు మతశాఖల వాళ్ళూ పంచుకుంటారు అని. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. మా అమ్మాయి అల్సాస్‌లోనే పెద్ద నగరం స్ట్రాస్‌బర్గ్‌లో ఉంటుంది కాబట్టి ఆ ఊరు వెళ్ళొస్తూ ఉంటాను. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, అడిగితే ఆగను. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఇవాళ ఈ ఊరి సంగతే చూద్దాం.

అమ్మా, అంత ఉత్తరాన, మంచు పడే దేశంలో ద్రాక్ష ఎలా పండుతుంది? మాకు ధర్మవరంలో ఎండకి లోటు లేదు, నీళ్ళే లేవు. వాళ్ళకేమో అటు తిరగబడినట్టుంది.
*— ధర్మవరం నుంచి ఒక రైతు*

తిరగబడలేదు బాబూ, వాళ్ళదీ మీ కథే. అనంతపురానికి పడమటి కనుమలు ఏం చేస్తాయో, ఈ ఊరికి వోజ్ పర్వతాలు అదే చేస్తాయి. అట్లాంటిక్ మీంచి పడమటి గాలి తెచ్చిన తేమంతా ఆ కొండలకి తగిలి అక్కడే కురిసిపోతుంది. ఎత్తయిన చోట్ల ఏడాదికి దాదాపు 2000 మిల్లీమీటర్లు పడుతుంది. కొండ దిగి ఇటు తూర్పుకి వస్తే, హునావీర్‌కి దగ్గర్లోని కోల్మార్ పట్నంలో 600 మిల్లీమీటర్ల లోపే. ఫ్రాన్సులో బాగా తక్కువ వాన పడే ఊళ్ళలో కోల్మార్ ఒకటి. మబ్బు తక్కువ కాబట్టి వేసవీ, శరదృతువూ ఎండగా ఉంటాయి. మీకూ వాళ్ళకీ తేడా వేడిలో ఉంది. అక్కడ నేల తేమ అంత తొందరగా ఆవిరైపోదు.

ఇక నేల సంగతి. ఒకప్పుడు వోజ్ కొండలూ, రైన్ నదికి అవతల జర్మనీలో ఉన్న బ్లాక్ ఫారెస్టూ ఒకే ముద్ద. మూడున్నర కోట్ల ఏళ్ళ కిందట, కాస్త అటూఇటూగా, నడిమి భాగం కుంగడం మొదలైంది. అలా కుంగిన పళ్ళెంలోనే ఇప్పుడు రైన్ పారుతోంది. కుంగేటప్పుడు అంచు శుభ్రంగా తెగలేదు, ముక్కచెక్కలైంది. రిబోవిల్లే దగ్గర ఆ పగుళ్ళు మరీ ఎక్కువ. అందుకే ఒక తోటలో సున్నపురాయి, పక్క తోటలో సున్నం కలిసిన బంకమన్ను, ఆ పైన ఇసుకరాయి. అడుగు మారితే నేల మారుతుంది. హునావీర్ పైన రోజాకర్ అనే వాలు ఉంది, సుమారు 26 హెక్టార్లు. అల్సాస్‌లో గ్రాండ్ క్రూ, అంటే మేలురకం వైను తోటలు అని గుర్తించిన 51 చోట్లలో అదొకటి. ఎక్కువ రీస్లింగ్ అనే ద్రాక్ష రకం వేస్తారు, గెవుర్జ్‌ట్రామినర్ అనే రకం కూడా ఉంటుంది. వాలు తూర్పుకీ దక్షిణానికీ తిరిగి ఉండడంతో పొద్దుటి ఎండ నేరుగా తగులుతుంది. వసంతంలో చల్లగాలి జారి మైదానంలో పేరుకుంటే అక్కడ మంచు కొరికేస్తుంది, వాలు మీద చిగుళ్ళు చాలామటుకు బతికిపోతాయి. వైను రుచి గురించి నన్నడక్కండి. నాకు తెలిసింది రాయి వరకే.

ఆ చర్చి కోటలా ఉందేమిటి? కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే చర్చి వాడుకుంటారన్నారు. అంత సఖ్యత ఎలా కుదిరిందో మన వాళ్ళకీ చెప్పండి.
*— తెనాలి నుంచి ఒక పాఠకురాలు*

కోటలా ఉండడం కాదమ్మా, కోటే. 15, 16 శతాబ్దాల కట్టడం. ఊరికి కాస్త ఎడంగా గుట్ట మీద, చుట్టూ ద్రాక్ష వరసల మధ్య ఉంటుంది. చుట్టూ ఆరు కోణాల ప్రాకారం, దానికి అర్ధచంద్రాకారపు బురుజులు. గంటగోపురం కూడా బండగా, చదరంగా, కాపలా కాయడానికే కట్టినట్టుంటుంది. ఊరికి పెద్ద గోడ కట్టుకునే స్తోమత లేనప్పుడు, దండు వస్తోందంటే జనం దాక్కోవడానికి ఇలాంటి చర్చే దిక్కు. ప్రాకారం లోపల ఖాళీ నేలంతా శ్మశానం. సమాధుల మీద పూలకుండీలు పెట్టి ఉంటాయి, గోడ మీంచి తొంగిచూస్తే తోటలు. లోపల సెయింట్ నికొలస్ కథ చెప్పే గోడచిత్రాలున్నాయి, 15వ శతాబ్ది చివరివి. రంగు వెలిసినా బొమ్మలు పోల్చుకోవచ్చు.

సఖ్యత అన్నారు చూడండి, అక్కడ మిమ్మల్ని కొంచెం నిరాశపరచాలి. ఈ ఊరు 1324 నుంచి వుర్టెంబర్గ్ ప్రభువుల చేతికింద ఉంది. 1530ల్లో వాళ్ళు లూథర్ మార్గం పట్టారు, అంటే ప్రొటెస్టెంట్లయ్యారు. దొర ఏ మతమైతే ఊరూ ఆ మతమే, అదే ఆనాటి లెక్క. తర్వాత అల్సాస్ మీద ఫ్రాన్సు రాజు పట్టు బిగిసింది. పద్నాలుగో లూయీ కరుడుగట్టిన కాథలిక్కు. ప్రొటెస్టెంట్ ఊళ్ళో ఏడు కాథలిక్ కుటుంబాలుంటే చాలు, చర్చిలో పీఠం ఉన్న భాగాన్ని వాళ్ళకి ఇచ్చేయాలన్నారు. హునావీర్‌లో అది 1687లో అమలైంది. అంటే ఇది మనసులు కలిసి చేసుకున్న ఏర్పాటు కాదు, పైనుంచి రుద్దింది. ఇలాంటి చర్చిల్లో వేళల గురించీ, గంట ఎవరు కొట్టాలన్న దాని గురించీ చాలాచోట్ల తగవులు నడిచాయి. అయినా అల్సాస్‌లో ఇప్పటికీ దాదాపు యాభై చర్చిలు ఇలా ఉమ్మడిగానే నడుస్తున్నాయి. కలిసి ఉండమని ఆజ్ఞ వేసిన రాజు పోయాడు, రాజ్యం పోయింది, వంతులు మాత్రం మిగిలాయి. నాకైతే సఖ్యత కంటే ఇదే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది.

ఇంకో తమాషా. మిగతా ఫ్రాన్సులో గుడ్ ఫ్రైడేకి సెలవు లేదు. అల్సాస్‌లో ఉంది, అదీ ప్రొటెస్టెంట్ చర్చి గానీ ఉమ్మడి చర్చి గానీ ఉన్న ఊళ్ళకే. ఆ లెక్కన హునావీర్‌కి దక్కుతుంది.

ఊరికి ఆ పేరు ఒక చాకలి స్త్రీ వల్ల వచ్చిందని ఎక్కడో చదివాను. నిజమా?
*— వరంగల్ నుంచి ఒక విద్యార్థి*

చాకలి స్త్రీ కాదు నాయనా, దొరసాని. ఏడో శతాబ్దంలో ఇక్కడ హునో అనే ప్రభువు ఉండేవాడట, ఆయన భార్య హునా. బీదల బట్టలు, రోగుల బట్టలు తనే ఊటబావి దగ్గర ఉతికేదని కథ. ఆ ఊట ఇప్పటికీ ఉంది, పక్కనే చాకిరేవు. రాతి తొట్టి, దాని అంచుల మీద బట్ట పరిచి రుద్దుకోవడానికి వీలుగా వాలుగా చెక్కిన రాళ్ళు. చెయ్యి పెడితే నీళ్ళు వేసవిలోనూ చల్లగా ఉంటాయి. పంట పోయిన ఒక ఏడు ఆ ఊటలోంచి నీళ్ళకి బదులు వైను పారిందనీ చెబుతారు. ద్రాక్ష పండించేవాళ్ళ ఊళ్ళో ఇంకే అద్భుతం జరుగుతుంది!

1520లో పోప్ పదో లియో ఆమెను పునీతురాలిగా ప్రకటించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు తిరక్కుండానే మత సంస్కరణ వచ్చి పునీతుల పూజే వద్దంది. ఆమె అవశేషాలు ఆ గొడవల్లోనే పోయాయి. పేరు మాత్రం ఊరికీ, ఊటకీ, ఒక ఖరీదైన వైనుకీ ఉండిపోయింది.

మేడమ్, సూటిగా చెప్పండి. ఆ ఊరు ఫ్రాన్సుదా, జర్మనీదా?
*— హైదరాబాద్, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు*

ఇప్పుడు ఫ్రాన్సుది. సూటిగా చెప్పమన్నారు కాబట్టి అక్కడితో ఆపేయొచ్చు, కానీ ఆ "ఇప్పుడు" వెనక చాలా ఉంది.

1870లో ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల ఒకతె ఉందనుకోండి. పుట్టినప్పుడు ఫ్రెంచి పౌరురాలు. ఏడాది తిరిగేసరికి యుద్ధంలో ఫ్రాన్సు ఓడింది, 1871లో అల్సాస్ జర్మనీకి పోయింది. ఫ్రెంచివాళ్ళుగానే ఉంటామనేవాళ్ళు 1872 అక్టోబరు 1 లోపు ఆ మాట చెప్పి, ఇల్లూ వాకిలీ వదిలి సరిహద్దు దాటాలి. తోట ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? 1918లో మళ్ళీ ఫ్రాన్సు వచ్చింది. ఈసారి తాతముత్తాతల్ని బట్టి జనానికి ఎ, బి, సి, డి అని అక్షరాలతో గుర్తింపు కార్డులిచ్చారు. డి కార్డు వచ్చిందంటే జర్మను సంతతి అన్నమాట, వాళ్ళలో చాలామందిని రైన్ దాటించేశారు. 1940లో హిట్లర్ సైన్యం వచ్చింది. ఏ ఒప్పందమూ లేకుండానే అల్సాస్‌ని కలిపేసుకున్నారు, ఫ్రెంచి మాట్లాడడం నిషేధం, బెరే టోపీ పెట్టుకోవడం కూడా నిషేధం. హునావీర్ హునావైయర్ అయింది. 1945కల్లా మళ్ళీ ఫ్రాన్సు. ఆ పిల్ల డెబ్భై అయిదేళ్ళు బతికుంటే, ఊరు కదలకుండానే దేశం నాలుగుసార్లు మారింది. ఇంట్లో మాట్లాడేది మాత్రం అల్సేషియన్. అది జర్మను కుటుంబపు భాషే గానీ, బెర్లిన్ వాడికి సగం కూడా అర్థం కాదు.

అన్నిటికన్నా దారుణం 1942 ఆగస్టులో మొదలైంది. అల్సాస్ కుర్రాళ్ళని బలవంతంగా జర్మను సైన్యంలో చేర్చుకున్నారు. అల్సాస్, పక్కనున్న మోజెల్ కలిపి దాదాపు 1,30,000 మంది. ఎక్కువమందిని రష్యా యుద్ధరంగానికే పంపారు. పారిపోతే వెనక ఇంటివాళ్ళకి శిక్ష. వాళ్ళని ఇప్పటికీ "మల్‌గ్రే-ను" అంటారు, మా ఇష్టం లేకుండా పోయినవాళ్ళం అని. ఫ్రాన్సులో ఏ ఊరి యుద్ధ స్మారకం చూసినా "ఫ్రాన్సు కోసం చనిపోయినవారు" అని చెక్కి ఉంటుంది. అల్సాస్‌లో చాలా ఊళ్ళలో "మా మృతులకు" అని మాత్రమే ఉంటుంది. ఏ యూనిఫారంలో పోయారన్న మాట అందులో రాదు.

హునావీర్ పాత ఇళ్ళని చూసి యుద్ధం ఇటు రాలేదనుకోకండి. పోరు చివరి శీతాకాలంలో, 1944 డిసెంబరులో, పక్కనే నాలుగైదు కిలోమీటర్లలో ఉన్న బెన్వీర్, మిట్టెల్వీర్, సిగోల్సైమ్ దాదాపు నేలమట్టమయ్యాయి. రిక్వీర్, హునావీర్ బతికి బయటపడ్డాయి. అందుకే బస్సులో వెళ్తుంటే ఒక ఊరు కలప దూలాల ఇళ్ళతో ఉంటుంది, తర్వాతి ఊరు మొత్తం యాభైల్లో కట్టిన కాంక్రీటు. టూరిస్టులు మొదటిదాన్ని ఫొటో తీసుకుంటారు, రెండోదాంట్లో బస్సు ఆపమని కూడా అడగరు. నేనైతే మిట్టెల్వీర్‌లో దిగమంటాను. అక్కడ ఒక గోడ ఉంది. జర్మన్ల ఏలుబడిలో ఉండగా ఆ గోడ పొడవునా నీలం, తెలుపు, ఎరుపు పెటూనియాలు నాటారు. ఫ్రెంచి జెండా ఎగరేస్తే జైలు, పూలమొక్కలకి ఏ శిక్ష వేస్తారు?

ఫొటోలో ఇంటి కప్పు మీద పెద్ద కొంగ ఉంది. మా తేలుకుంచికి వచ్చే కొంగలూ అవేనా?
*— శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక టీచరు*

కాదు మాస్టారూ. మీ తేలుకుంచివి ఓపెన్‌బిల్ కొంగలు, ముక్కు మూసినా మధ్యలో సందు కనబడుతుంది, నత్తలు తింటాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని పేపర్లలో రాస్తుంటారు గానీ, అవి మన దక్షిణాసియా పక్షులే. అల్సాస్‌వి తెల్ల స్టార్క్‌లు, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు. చలికాలానికి స్పెయిన్ మీదుగా జిబ్రాల్టర్ దాటి పశ్చిమ ఆఫ్రికా పోవడం వాటి పాత అలవాటు. వాటికి గొంతు లేదు, ముక్కులు టకటకలాడిస్తాయి. పొద్దున్నే చర్చి గుట్ట ఎక్కుతుంటే ముందు ఆ చప్పుడే వినబడుతుంది.

1974 నాటికి అల్సాస్ మొత్తం మీద తొమ్మిది జంటలే మిగిలాయి. చిత్తడి నేలలు ఎండగట్టారు, దారిలో కరెంటు తీగలు, ఆఫ్రికాలో కరువు, వేట, అన్నీ కలిసి వచ్చాయి. 1976లో హునావీర్‌లోనే పునరుద్ధరణ కేంద్రం పెట్టారు. వాళ్ళ ఉపాయం వినడానికి మొరటుగా ఉంటుంది: పిల్ల కొంగల్ని మూడేళ్ళపాటు వల కట్టిన బోనుల్లో ఉంచేస్తే వలస పోవాలన్న కోరిక చచ్చిపోతుంది, తర్వాత వదిలినా ఇక్కడే గూడు కట్టుకుంటాయి. పని చేసింది. ఇప్పుడు అల్సాస్‌లో వెయ్యి జంటలకి పైనే. అలా బోనులో ఉంచాల్సిన అవసరమూ తీరిపోయింది. అదే కేంద్రంలో అల్సాస్ హ్యామ్‌స్టర్‌ని కూడా పెంచుతారు. పొలాల్లో బొరియలు చేసుకునే చిన్న జంతువు, దాన్ని సరిగా కాపాడనందుకు 2011లో యూరోపియన్ కోర్టు ఫ్రాన్సు దేశాన్నే తప్పుపట్టింది. కొంగకి ఉన్న అందం దానికి లేదు, అందుకే పోస్టుకార్డుల మీదికి ఎక్కలేదు.

మేం శాకాహారులం, మే నెలలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆ ఊరు ఎలా చేరాలి, ఏం తినాలి?
*— విజయవాడ నుంచి దంపతులు*

పారిస్ ఈస్ట్ స్టేషన్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కి టీజీవీ అనే వేగపు రైల్లో రెండు గంటల లోపే. అక్కడ్నుంచి కోల్మార్ అరగంట. హునావీర్‌కి రైలు లేదు. బస్సులో రిబోవిల్లేలో దిగి తోటల మధ్య నడిచి వెళ్ళడం మేలు, రెండు కిలోమీటర్ల చిల్లర. మోకాళ్ళు బాగుంటే అదే దారిన రిక్వీర్ దాకా పోవచ్చు.

తిండి దగ్గర జాగ్రత్త. పల్చటి రొట్టె మీద మీగడ, ఉల్లిపాయ వేసి కాల్చే ఫ్లామెక్యూష్ బాగుంటుంది, కానీ పంది మాంసం ముక్కలు వేయడం వాళ్ళకి మామూలు. "సాన్ లార్దోన్" అనండి, తీసేస్తారు. వేయించిన బంగాళాదుంపలతో వెల్లుల్లి, పచ్చి ఆకులు కలిపిన తెల్ల చీజ్ ఇస్తారు, బిబెలెస్కేస్ అంటారు, నాకు అది చాలు. మున్‌స్టర్ చీజ్ వాసన గది దాటి వస్తుంది. అందులో పాలు విరగడానికి వాడే రెనెట్ దూడ కడుపులోంచి తీసేది, పట్టింపు ఉంటే ఏ చీజ్ అయినా అడిగి తినండి. కూగెల్‌హాఫ్ అనే కేకులో గుడ్డు ఉంటుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పచ్చడి సీసా వెంట పెట్టుకోండి.