‘పోయింది’ అని కాదు, ‘లాక్కున్నారు’ అని రాయండి

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. పదిహేను రోజుల క్రితం రాత్రి ఎనిమిదింటికి లైబ్రరీ నుంచి హాస్టల్‌కు నడుస్తూ అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుండగా, బైకు మీద వెనుక నుంచి వచ్చిన ఇద్దరు ఫోన్ లాక్కుని, నన్ను తోసేసి వెళ్లిపోయారు. మోచేయి చీరుకుపోయింది. పోలీస్ స్టేషన్‌లో ముందు ‘ఆ రోడ్డు మా పరిధి కాదు’ అన్నారు, తరువాత ‘ఫోన్ పోయిందని రాసివ్వండి’ అన్నారు. అలాగే రాసిచ్చాను. అప్పటి నుంచి మా హాస్టల్ గేటు తొమ్మిదికి బదులు ఏడింటికే మూస్తున్నారు. అందరూ నాదే తప్పన్నట్లు మాట్లాడుతున్నారు. ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు: తప్పు మీది కాదు. కూతురు తల్లితో మాట్లాడుకుంటూ తన హాస్టల్‌కు నడిచి రావడం ఎవరూ సంజాయిషీ అడగవలసిన పని కాదు.

మీ ఫిర్యాదులోని ‘పోయింది’ అన్న మాటను ముందు సరిచేయించండి. బస్సులో జారిపోయిన ఫోన్‌కూ, చేతిలోంచి గుంజుకున్న ఫోన్‌కూ చట్టంలో చాలా తేడా ఉంది. మొదటిది వస్తువు పోగొట్టుకోవడం మాత్రమే కాబట్టి, నేరం నమోదు కాదు, దర్యాప్తూ ఉండదు, ఆ రోడ్డులో నేరం జరిగిందన్న లెక్క కూడా ఎక్కడా మిగలదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్, హఠాత్తుగా లేదా బలవంతంగా లాక్కుపోవడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొని మూడేళ్ల వరకు జైలు విధించింది. ఫోన్ తీసుకుపోవడానికే మిమ్మల్ని తోసి గాయపరిచారు కనుక, అది 309వ సెక్షన్ కింద దోపిడీ అయ్యే అవకాశం ఉంది. ఆ రాత్రి హెల్త్ సెంటర్‌లో కట్టు కట్టించుకుని ఉంటే ఆ ఓపీ చీటీని భద్రంగా ఉంచి, దాని నకలును కొత్త ఫిర్యాదుకు జతచేయండి.

పరిధి కాదన్న మాట చెల్లదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది; జీరో ఎఫ్ఐఆర్ అంటే ఇదే. ఎఫ్ఐఆర్ ప్రతిని మీకు ఉచితంగా ఇవ్వాలి. అప్పటికీ నిరాకరిస్తే ఫిర్యాదును డీసీపీకి (డిప్యూటీ పోలీస్ కమిషనర్‌కు) పోస్టులో పంపండి, అక్కడా స్పందన లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

పాత నంబరుతో కొత్త సిమ్ తీసుకున్నాక, ఫిర్యాదు ప్రతి, ఫోన్ బిల్లు, పెట్టె మీద ఉండే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరుతో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్లను నిలిపివేసే సీఈఐఆర్ విభాగంలో ఫోన్‌ను బ్లాక్ చేయించండి. బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించారో లేదో కూడా చూసుకోండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి చెప్పాలి. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే పెనుగులాడవద్దు, ఫోన్ వదిలేయండి. బైకు నంబరులో చివరి నాలుగు అంకెలు గుర్తున్నా చాలు, ఎవరి ఫోన్ నుంచైనా 112కు చెప్పండి.

ఇక గేటు సంగతి. ఇది నాకు బాధ కలిగించింది. దోచుకున్నవారు రోడ్డు మీద తిరుగుతుంటే, దోపిడీకి గురైనవారిని లోపల పెట్టి తాళం వేయడం భద్రత ఎలా అవుతుంది? ఏడింటికే గేటు మూస్తే మీకు లైబ్రరీ దూరమవుతుంది, రోడ్డు మాత్రం ఇంకా నిర్మానుష్యమవుతుంది. భద్రత పేరుతో మహిళా హాస్టళ్లలో మగపిల్లలకు లేని ఆంక్షలు పెట్టరాదని లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తెచ్చిన 2015 నిబంధనలే చెబుతున్నాయి. ప్రాంగణంలో తగినంత వెలుతురు ఉండాలనీ అవే చెబుతున్నాయి. ఉస్మానియా వంటి ప్రాంగణాల గుండా బయటివారి వాహనాలు కూడా వెళుతుంటాయి కాబట్టి, దీపాలు, గస్తీ అక్కడ మరింత అవసరం.

నలుగురైదుగురు కలిసి ఒక రాత్రి లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా నడవండి. వెలగని దీపం ఉన్న ప్రతి స్తంభం నంబరూ, నంబరు లేకపోతే అది ఏ మలుపులో ఉందో రాసుకోండి. ఆ జాబితాకు మీ ఎఫ్ఐఆర్ నంబరు చేర్చి, గేటు వేళను మళ్లీ తొమ్మిదికి మార్చాలని కోరుతూ అందరూ సంతకాలు చేసి రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇవ్వండి. మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకోవడం మరవకండి.