బత్తాయి వ్యాపారం ఉద్దెరలో మునిగింది, మావాణ్ని ఇప్పుడు ఎటు పంపాలి?

హాలియా దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడికి 27 ఏళ్లు. మెకానికల్ బీటెక్ అయ్యాక రెండేళ్లు బత్తాయి వ్యాపారం చేశాడు, రైతుల దగ్గర కొని హైదరాబాద్ జ్యూస్ షాపులకు వేసేవాడు. ముద్ర లోన్ 5 లక్షలు, బయట రెండు రూపాయల మిత్తికి తెచ్చింది 4 లక్షలు, రైతులకు ఇచ్చేది 1.2 లక్షలు నెత్తిన పడ్డాయి. షాపుల నుంచి 4.6 లక్షలు రావాలి. రెండు నెలల నుంచి గది దాటి రావట్లేదు, ఫోన్ ఎత్తట్లేదు. గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పించాలా, దుబాయ్ పంపాలా?"

అన్నా, మీరు కోచింగా దుబాయా అని అడిగారు గానీ, ఇది చదవగానే నా కళ్లు ఆగింది "ఫోన్ ఎత్తట్లేదు" అన్న దగ్గర. మిర్యాలగూడలో నాకూ ఒకప్పుడు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పద్దెనిమిది సిస్టమ్‌లు, మెయిన్ రోడ్డు మీద కిరాయి, ఇద్దరు సార్లు. ఫీజు వాయిదాల్లో కడతామని చేరిన పిల్లలు సర్టిఫికెట్ చేతికి రాగానే మళ్లీ కనపడలేదు, చుట్టాల పిల్లలనైతే అడగడానికే మొహమాటపడ్డాను, చివరికి షటర్ దించాల్సి వచ్చింది. మూసేసినందుకు నన్నెవరూ ఏమీ అనలేదు, ఫోన్ బంద్ చేసి మూడు నెలలు అత్తగారింట్లో కూర్చున్నందుకు మాత్రం బాగా అన్నారు. ఇంటి ఓనరు తర్వాత కలిసినప్పుడు, "పైసలు లేవంటే ఆగకపోదునా, నువ్వే లేకుండా పోతివి" అన్నాడు.

అందుకే ముందు మీవాణ్ని గదిలోంచి బయటికి తీసుకురావాలి. నిద్ర పట్టక, తిండి సరిగా తినక, బతికి ఏం లాభం లాంటి మాటలు గనక అంటుంటే మిగతావన్నీ పక్కనపెట్టి 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు.

ఇక లెక్కకు వద్దాం. మీవాడికి కాయ తెలుసు, తోట తెలుసు, లేకపోతే రెండేళ్లు నడవదు. ముంచింది ఉద్దెర. రైతుకు తోట దగ్గరే పైసలు ఇవ్వాలి, షాపువాడేమో మొదట్లో వారానికి, తర్వాత నెలకు, ఆఖరికి "సీజన్ అయ్యాక చూద్దాం" అంటాడు. కోసిన కాయ ఆగదు కాబట్టి వాడు ఏమన్నా దించి రావాల్సిందే. ఈ మధ్యలోని గుంతను పూడ్చింది మిత్తి పైసలు. రెండు రూపాయల మిత్తి అంటే చిన్నగా వినిపిస్తుంది, నిజానికి ఏడాదికి నూటికి 24. మీ 4 లక్షల మీద నెలకు 8 వేలు, కాయ అమ్ముడైనా కాకున్నా. ఒక్క కిలో మీద మిగిలేది ఎంత, అందులోంచి ఈ 8 వేలు రావాలంటే ఎన్ని టన్నులు తిప్పాలి అన్నది మీవాడు ఒక నోట్‌బుక్‌లో నెలవారీగా రాయాలి. మీరు రాసిపెట్టొద్దు, మామగారితో చెప్పించొద్దు. తన చేత్తో రాసుకుంటేనే ఎక్కడ జారిందో కనపడుతుంది.

వ్యాపారం కోసం ట్రాలీ ఏదన్నా కొని, అది ఇంకా ఇంటి ముందే ఉంటే అమ్మేయండి. మళ్లీ మొదలుపెడతాను, ఉంచండి అంటాడు, వినొద్దు. వచ్చిన దాంట్లో మొదట రైతుల 1.2 లక్షలు తీర్చండి. మిత్తి లెక్కన చూస్తే ఇది తప్పే, నాకూ తెలుసు, కానీ వాళ్లు మీ ఊరివాళ్లు, రేపు మీవాడు మళ్లీ తోట దగ్గరికి వెళ్తే గేటు తీయాల్సింది వాళ్లే. మిగిలింది మిత్తికి తెచ్చిన 4 లక్షల అసలులో వేయండి, ఆ అప్పు తీరగానే రాసిచ్చిన నోటు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఏమన్నా ఉంటే వెనక్కి తీసుకోవాలి. ఆ చెక్కు బౌన్స్ అయి లీగల్ నోటీసు వస్తే, అందిన రోజు నుంచి 15 రోజుల్లో కట్టకపోతే కేసు వేయొచ్చు. నోటీసు తీసుకోకుండా తప్పించుకోవాలని చూడొద్దు. బ్యాంకు వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, దాటకముందే తనే వెళ్లి మేనేజర్‌తో వాయిదా తగ్గించమని మాట్లాడాలి. ఇంకోటి, తక్కువ కట్టి "సెటిల్" చేసుకుంటే సిబిల్‌లో అదే మాట పడుతుంది, పూర్తిగా కట్టిన ఖాతాకున్న విలువ దానికి రాదు.

షాపుల 4.6 లక్షలూ వస్తాయని మాత్రం అనుకోకండి. వాట్సాప్ మెసేజ్‌లన్నీ తీసిపెట్టి, ప్రతి షాపుకూ తనే వెళ్లి, ఇంత బాకీ ఉన్నానని ఓనరు చేత రాయించి, తేదీ వేయించి సంతకం తీసుకోవాలి. ఇలాంటి బాకీలకు కోర్టుకు వెళ్లే గడువు మూడేళ్లే, గడువు అయిపోకముందే రాసిస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ గడువులోపు వేస్తే ఈ నష్టాన్ని 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు, ఉద్యోగం జీతంలో మాత్రం తగ్గించుకోలేరు.

ఉద్యోగం సంగతి. గ్రూప్స్ మీద ఇష్టముంటే రాయనివ్వండి, కానీ చుట్టాలకు "ప్రిపేర్ అవుతున్నాడు" అని చెప్పుకోవడానికైతే వద్దు, మిత్తి మీటర్ తిరుగుతుండగా అశోక్‌నగర్ హాస్టల్ ఖర్చు ఎవరు భరిస్తారు? దుబాయ్‌కైతే ఏజెంటుకు ఇవ్వడానికి ఇంకో అప్పు కావాలి. అంతగా పోవాలనుకుంటే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడిగి పోవాలి. నేనైతే సూపర్‌మార్కెట్లకు, డెలివరీ యాప్‌లకు పండ్లు, కూరగాయలు కొనిపెట్టే కంపెనీల్లో కొనుగోలు ఉద్యోగం, లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో పని చూడమంటాను. బాటసింగారం పండ్ల మార్కెట్లో తెల్లవారుజామున ధర ఎలా పడిపోతుందో, ట్రేడర్లు సూట్, అంటే తరుగు పేరుతో ఎలా కోస్తారో క్లాసులో కూర్చున్నవాడికి తెలియదు, మీవాడికి తెలుసు. బయోడేటాలో ఆ రెండేళ్లను ఖాళీ అని వదలకుండా, నెలకు ఎన్ని టన్నులు కొన్నాడు, ఎన్ని షాపులకు వేశాడు, ఎంత పోగొట్టుకున్నాడు, ఎందుకు పోయింది అన్నీ రాయమనండి. చివరిది దాచుకునేవాళ్లే ఎక్కువ, ఇంటర్వ్యూలో అడిగేది కూడా అదే.

ఈ సోమవారం షాపుల లిస్టు చేతికిచ్చి హైదరాబాద్ బస్సు ఎక్కించండి, మీరు వెంట వెళ్లొద్దు. మొదటి మూడు చోట్ల ఓనరు లేడనే చెప్పిస్తారు. సాయంత్రం వరకు తిరిగితే ఏదో ఒక చోట రెండు వేలో మూడు వేలో చేతిలో పెడతారు, రాత్రి ఇంటికి వచ్చాక అదే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోమనండి.