పాము కరిస్తే పీహెచ్‌సీకా, నేరుగా పెద్దాసుపత్రికా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి చేలో మా బాపుకు పాము కరిచింది. పీహెచ్‌సీకి తీసుకుపోతే సెలైన్ పెట్టి, చీటీ మీద ఒక్క లైను గీకి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ క్యాజువాలిటీలో ఎన్ని గంటలకు కరిచింది, విరుగుడు ఎన్ని వయల్స్ (చిన్న మందు సీసాలు) ఎక్కించారు అని ఒకటే ప్రశ్నలు. చీటీలో లేనిది మాకేం తెలుసు? బాపు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంకెవరికన్నా ఇట్లయితే పీహెచ్‌సీని వదిలేసి నేరుగా పోవచ్చా?
- ఓ పాఠకుడు

జవాబు: మీ కోపంలో న్యాయముంది, కానీ పీహెచ్‌సీని దాటిపోకండి. ఒక్క మినహాయింపు: రాత్రి తాళం పడే పీహెచ్‌సీ అయితే అక్కడ ఆగొద్దు, 108కి ఫోన్ చేసి పాము కాటు అని చెప్పండి.

విరుగుడు ఎంత ముందు పడితే అంత మేలు, అది మొదలుపెట్టడానికి పెద్దాసుపత్రే అక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ మందు ఒకటే కాబట్టి పామును చంపి సంచిలో వేసుకొచ్చే పని లేదు (ఇప్పటికీ తెస్తున్నారు, మహానుభావులు). అయితే కరిచిన ప్రతివాళ్లకూ ఇది ఎక్కించరు, విషం ఎక్కిన గుర్తులుండాలి. అది తేల్చడానికి పీహెచ్‌సీలోనే ఒక పరీక్ష చేయొచ్చు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత ఒంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందంటే పింజర విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. కట్లపాము, నాగుపాముల సంగతి వేరు, వాటికి రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం చూడాలి. గుర్తులుంటే మామూలుగా 10 వయల్స్‌తో మొదలుపెడతారు, పిల్లలకైనా పెద్దలకైనా అంతే. మందు పడక రియాక్షన్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో కొందరు డాక్టర్లు అసలు మొదలుపెట్టకుండానే చీటీ రాసేస్తారు. రియాక్షన్‌ను అణిచే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కన పెట్టుకుని ఇవ్వాల్సిందే తప్ప పంపించేయడం వైద్యం కాదని నా అభిప్రాయం.

ఇక చీటీ. బండెక్కే ముందే చదవండి. కరిచిన టైము, వచ్చేసరికి ఉన్న గుర్తులు, ట్యూబు పరీక్ష ఫలితం, ఎన్ని వయల్స్ ఏ టైముకు మొదలుపెట్టారో లేకపోతే, మొహమాటపడకుండా రాయించుకోండి. నర్సు చెప్తుంటే మీరు రాసుకున్నా పర్లేదు. అంతకన్నా ముఖ్యం, అవతల వెంటిలేటర్ ఖాళీ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోమని డాక్టరును అడగండి, ఎందుకంటే రెప్పలు వాలుతున్న మనిషిని వెంటిలేటర్ లేని చోటికి తీసుకెళ్తే అక్కణ్నుంచి మళ్లీ ఉస్మానియాకో గాంధీకో ఇంకో చీటీ రాస్తారు, దారిలో ఊపిరి ఆగితే ప్రాణానికే ముప్పు. ఇది డాక్టరు మీకు చేసే ఉపకారమేం కాదు. పీహెచ్‌సీలో ముందు రోగిని నిలబెట్టాలని, బెడ్ ఎక్కడుందో తెలిసేలా ఆసుపత్రుల మధ్య సమాచార ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

ఆటోలో వద్దు, 108 పిలిపించండి, అందులో ఆక్సిజన్ ఉంటుంది. చీటీని ఫోన్లో ఫొటో తీసుకోండి, క్యాజువాలిటీలో చేతులు మారేటప్పుడు మొదట పోయేది ఆ కాగితమే.