1893లో అమీర్ సంతకం చేసినా డ్యూరాండ్ రేఖను ఆఫ్ఘన్లు ఎందుకు ఒప్పుకోరు?

డ్యూరాండ్ రేఖ అంటే పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మధ్య ఉన్న సరిహద్దు గీత, అమీర్ అంటే నాటి ఆఫ్ఘన్ పాలకుడు. ఈ ప్రశ్నకు చాలామంది ఒప్పంద పత్రం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నేను షార్జాలో ఒక రవాణా సంస్థ గోదాములో స్టోర్ కీపర్‌గా పనిచేసిన రోజులలో ఆ రేఖకు రెండు వైపులా బతికే పష్తూన్ జాతికి చెందిన ఇద్దరు డ్రైవర్లతో ఒకే గదిలో ఉన్నాను కనుక, నా సమాధానం ఆ గదిలో మొదలవుతుంది.

వాళ్ళిద్దరూ షిన్వారీ తెగవాళ్ళు, అక్కచెల్లెళ్ళ బిడ్డలు. ఒకరిది ఖైబర్ కనుమలోని లండీ కోతల్, మరొకరిది తోర్ఖం సరిహద్దు గేటు దాటాక ఆఫ్ఘనిస్తాన్‌లోని నంగర్‌హార్‌లో ఒక పల్లె. ఒకరి పాస్‌పోర్టు పాకిస్తాన్‌ది, మరొకరిది ఆఫ్ఘనిస్తాన్‌ది. అయినా ఇంటి విషయాలు మాట్లాడుకునేటప్పుడు వాళ్ళు దేశాల పేర్లు ఎత్తేవారు కాదు. కింది వైపును, అంటే పాకిస్తాన్ వైపును, ‘లర్’ అని, పై వైపును, అంటే ఆఫ్ఘన్ వైపును, ‘బర్’ అని మాత్రమే అనేవారు.

2017 ఫిబ్రవరిలో సింధ్‌లోని సెహ్వాన్ దర్గాలో బాంబు పేలిన తరువాత పాకిస్తాన్ ప్రభుత్వం సరిహద్దు గేట్లను మూసివేసింది. అప్పటికి నంగర్‌హార్ మిత్రుని తల్లి పెషావర్‌లో కంటి ఆపరేషన్ చేయించుకొని, లండీ కోతల్‌లో చెల్లెలి ఇంట ఉన్నది. గేటు మూసిన రెండవ వారంలో అవతల ఆమె భర్త చనిపోయాడు. కొండ దిగితే గేటు, గేటు దాటితే సొంత మనుషులు. కానీ ఆమె కదలడానికి వీలు లేదు. ఆ రోజు రెండు ఊళ్ళ మధ్య నేరుగా ఫోను కలవకపోవడంతో, మా గదిలో ఒక ఫోనును నంగర్‌హార్‌కు, ఇంకొక ఫోనును లండీ కోతల్‌కు కలిపి, స్పీకర్లు తెరిచి, రెండింటినీ మంచం మీద ఎదురెదురుగా పెట్టారు. పక్క కొండ అవతల జరుగుతున్న జనాజా నమాజును ఆమె షార్జా మీదుగా విన్నది. ఆమె ఏడుపు కూడా అదే దారిన అక్కడికి వెళ్ళింది. నా పాస్‌పోర్టు కంపెనీ చేతిలో ఉండడం వలన జగిత్యాలలో మా నాన్న చివరిచూపుకు నేను నోచుకోలేదు, అయితే నాకు అడ్డంగా ఒక సముద్రమైనా ఉన్నది.

ఇక ఆ సంతకం సంగతి. 1893 నవంబరు 12న కాబూల్‌లో అమీర్ అబ్దుర్ రహమాన్ ఖాన్, బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అమీరుకు ఏటా ఇచ్చే సొమ్ము 12 లక్షల రూపాయల నుంచి 18 లక్షలకు పెరిగింది. అది బలవంతపు సంతకమనీ, ఆ రేఖ ఎవరి పెత్తనం ఎంతవరకో చెప్పిన గీతే తప్ప దేశాల ఎల్ల కాదనీ కాబూల్ వాదన. 1905, 1919, 1921 ఒప్పందాలలో కూడా ఆఫ్ఘన్ పాలకులు దానిని అంగీకరించారని పాకిస్తాన్ వాదన. కాగితాల వరకు పాకిస్తాన్ వాదనే బలమైనదని నేను ఒప్పుకుంటాను. నూరేళ్ళ గడువు 1993లో ముగిసిపోయిందని మనవాళ్ళు వాట్సాప్‌లో పంచుకునే మాట మాత్రం పూర్తిగా అబద్ధం. ఆ ఒప్పందంలో గడువు అన్న మాటే లేదు. న్యాయమైన బాధ ఉన్నవాళ్ళకు ఇటువంటి అబద్ధాలు చేసినంత హాని శత్రువు కూడా చేయడు.

అసలు గాయం 1947లో పడిందని నా నమ్మకం. ఆ ఏడాది జూన్‌లో పష్తూన్ నాయకుడు, ‘సరిహద్దు గాంధీ’ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్, ఆయన అనుచరులు బన్నూలో సమావేశమై పష్తూనులకు వేరే రాజ్యం కోరుకునే అవకాశం ఇవ్వాలని తీర్మానించారు. జూలైలో పష్తూనులు ఎక్కువగా ఉన్న వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో జరిగిన ఓటింగులో ఇండియా, పాకిస్తాన్ అనే రెండు దారులే చూపించారు గనుక వాళ్ళు దానిని బహిష్కరించారు. సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో పాకిస్తాన్ ప్రవేశానికి వ్యతిరేకంగా ఓటు వేసిన ఒకే ఒక దేశం ఆఫ్ఘనిస్తాన్. తరువాత ఆ ఓటును వెనక్కు తీసుకున్నా, 1949లో లోయా జిర్గా, అంటే ఆఫ్ఘన్ పెద్దల మహాసభ, పాత ఒప్పందాలన్నీ చెల్లవని ప్రకటించింది.

అయినా సుమారు 2,600 కిలోమీటర్ల ఆ రేఖను పల్లెల జనం ఎన్నో దశాబ్దాలు పట్టించుకోకుండా పిల్లనిచ్చి పుచ్చుకుంటూ, గొర్రెలు తోలుకుంటూ, సంతలకు వెళ్ళివస్తూ బతికారు. 2016లో తోర్ఖం వద్ద వీసా తప్పనిసరి అయింది. 2017లో ముళ్ళకంచె మొదలైంది. 2023లో దక్షిణాన ఉన్న మరో సరిహద్దు గేటు చమన్ దగ్గర కూడా పాస్‌పోర్టు అడగడంతో అక్కడి జనం నెలల తరబడి ధర్నాలో కూర్చున్నారు. తాతల కాలంలో ఎవరో చేసిన సంతకం వీళ్ళ గడపలోకి వచ్చింది ఈ కంచెతోనే, అందుకే ఏ ప్రభుత్వం మారినా ఆ రేఖను ఒప్పుకున్నామని చెప్పే ధైర్యం కాబూల్‌లో ఎవరికీ రాదు.

2017 మార్చి 7, 8 తేదీలలో తోర్ఖం గేటును రెండు రోజుల పాటు తెరిచినప్పుడు ఆ తల్లి ఇల్లు చేరింది. 2019లో నేను షార్జా వదిలి వచ్చేనాటికి ఆ అక్కచెల్లెళ్ళు మళ్ళీ కలుసుకోలేదు.