నైతిక సందిగ్ధాలున్న డిస్టోపియా నవలని, అంటే అణచివేత రాజ్యమేలే ఊహాలోకపు కథని, ఎలా చదివితే బాగుంటుంది?

మొదటి మూడు నాలుగు అధ్యాయాల్లో కథ కదలడం లేదని చాలామంది పుస్తకం పక్కన పెట్టేస్తారు. నిజానికి రచయిత అక్కడ ఆ లోకపు నియమాలు పరుస్తుంటారు. ఎవరికి ఏ పని, ఎవరు నిర్ణయిస్తారు, తప్పితే శిక్ష ఏమిటి: ఈ మూడూ ఒక చీటీ మీద రాసుకోండి. తర్వాత వచ్చే చిక్కులన్నీ దాదాపు వీటిలోంచే పుడతాయి.

మాటల్ని కూడా గమనించాలి. ఇలాంటి రాజ్యాలు క్రూరమైన పనికి మెత్తటి పేరు పెడతాయి. లోయిస్ లోరీ 1993లో రాసిన ‘ది గివర్’లో ‘విడుదల’ అలాంటి మాటే. దాని అసలు అర్థం 19వ అధ్యాయంలో గానీ పూర్తిగా బయటపడదు. ముందే సారాంశం చదివేస్తే ఆ దెబ్బ తగలదు, చదవకండి.

సందిగ్ధం ఎదురవగానే పేజీ తిప్పకుండా ఒక్క నిమిషం ఆగండి. ఆ క్షణాన పాత్రకి తెలిసిన సంగతులతోనే మీరైతే ఏం చేసేవారో తేల్చుకోండి. పాఠకుడికి పాత్రకన్నా ఎక్కువ తెలిసినప్పుడు “ఇంత తెలివితక్కువగానా!” అనిపిస్తుంది, చాలాసార్లు అది అన్యాయమైన తీర్పు.

ఇంకో పరీక్ష ఉంది. పాలకుల వాదనని వాళ్లే ఒప్పుకునేంత బలంగా రెండు వాక్యాల్లో చెప్పగలరా? చెప్పలేకపోతే మీరు హడావుడిగా చదివి ఉండాలి, లేదా రచయితే ప్రతినాయకుణ్ణి అట్టబొమ్మలా వదిలేసి ఉండాలి. ఈ తరహా నవలల్లో రెండోది అరుదేం కాదు.

ముగింపు తేలకపోతే సీక్వెల్‌కి పరుగెత్తే ముందు చివరి అధ్యాయం మళ్లీ చదవండి.