పాత సర్వే పటం, ఫోన్ మ్యాప్ కలవడం లేదా?

ప్రశ్న: శ్రీశైలం దగ్గరి నల్లమల అడవి పాత టోపోషీటు (సర్వే పటం; నంబరు 56 ఎల్/16, అంగుళానికి మైలు) ప్రింటు దొరికింది. కృష్ణ ఒడ్డున చూపిన కాలిబాటలు ఫోన్ మ్యాప్‌లో ఎక్కడా కలవడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: ముందు స్కేలు పెట్టి ప్రింటును కొలవండి. అక్షాంశం, రేఖాంశం రెండింటిలోనూ 15 నిమిషాల (పావు డిగ్రీ) మేర చూపే షీటు కాబట్టి లోపలి చట్రం ఎత్తు సుమారు 43.7 సెంటీమీటర్లు, వెడల్పు 42.2 ఉండాలి. జిరాక్సు షాపులో పేజీకి సరిపడా కుదించి ఉంటే తక్కువ వస్తుంది. అప్పుడు ‘అంగుళానికి మైలు’ లెక్క చెల్లదు. కింద గీసిన స్కేలు పట్టీతోనే దూరాలు కొలవండి, పటంతో పాటు అదీ కుదించుకుపోయింది కనుక. ఎత్తు, వెడల్పు ఒకే పాళ్లలో తగ్గకపోతే ఆ ప్రింటును పక్కన పెట్టడమే నయం.

భూమి ఆకారాన్ని లెక్కకట్టే పద్ధతులు వేరు: పాత షీట్లు ఎవరెస్ట్ లెక్క మీద, ఫోన్ డబ్ల్యూజీఎస్ 84 అనే లెక్క మీద నడుస్తాయి. అక్షాంశ రేఖాంశాలను నేరుగా టైపు చేస్తే చోటు జరుగుతుంది. మరీ పాత, 1905కి ముందటి పటమైతే ఇంకో చిక్కుంది: అప్పట్లో పటాల రేఖాంశాలకు ఆధారమైన మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశం తప్పుగా తీసుకున్నారు. తేడా 2 నిమిషాల 27 సెకన్లు, అంటే ఇక్కడ 4 కిలోమీటర్లకు పైనే. రేఖాంశం లోంచి ఆ మేరకు తీసేయాలి.

పాత పటాన్ని ఫోన్ మ్యాప్ మీద సరిగ్గా కూర్చేటప్పుడు త్రిభుజం గుర్తున్న కొండ శిఖరాలను నాలుగు మూలల నుంచీ ఎంచుకోండి. రోడ్డు కూడళ్లు, వాగు మలుపులు వద్దు, అవి మారతాయి.

ఇక ఒడ్డు బాటలు. పటం డ్యాముకు ముందటిదైతే అవి నీళ్ల కింద ఉన్నాయి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. పటంలో కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) 50 అడుగులకొకటి. డ్యాముకు ఎగువన 850, 900 గీతల మధ్య, 900కు దగ్గరగా రంగు పెన్సిలుతో ఒక గీత గీయండి. దాని కిందున్న బాటంతా మునక. దిగువన నాగార్జునసాగర్ మట్టం 590 కాబట్టి 600 గీతకు కాస్త కింద గీస్తే చాలు. రెండు వైపులా ఒకే గీత గీస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

‘పెంట’ అని ముగిసే చెంచు ఆవాసాల పేర్లు ఇప్పుడు అదే చోట ఉంటాయని అనుకోవద్దు, కొన్ని జరిగాయి, కొన్ని ఖాళీ అయ్యాయి. పులుల అభయారణ్యంలో పాత బాట వెతుక్కుంటూ వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.